పచ్చ గీత

యాభై రెండు వేలు.
ఆ డబ్బుకి పాడిగేదె వచ్చేది, అంది మా ఆవిడ.
గేదెకి రంగుల్లో తేడా తెలీదే, అన్నాను.

పెళ్ళి ఆల్బమ్‌లు కట్టేవాడికి
తలంబ్రాల పసుపు వేరు, బుగ్గన పసుపు వేరు.
పాత తెర మీద రెండూ ఒక్కటే కామెర్లు.

వారంటీ మూడేళ్ళు.
మూడేళ్ళ నలభై రోజులకి
తెర నడిమికి ఒక ఆకుపచ్చ గీత దిగింది,
వెంట్రుకంత సన్నం, కొబ్బరి ఈనెంత నిటారు.

అమలాపురం నుంచి ప్రభుదాసు వచ్చి
వెనక మూత విప్పి వాసన చూశాడు.
"ఉప్పుగాలండి. పైగా రొయ్యల చెరువులు.
ఏరేటర్లు ఆగినప్పుడల్లా కరెంటు ఎగిరిపడుద్ది.
ప్యానెల్ మార్చే కంటే కొత్తదే నయం, ఆయ్."

ఖరీదైంది ఎన్నాళ్ళుండాలయ్యా?
అతను స్క్రూలు లెక్కపెట్టుకుంటున్నాడు.
ఒకటి తగ్గింది.

రాజోలు రేవులో పడవ ముప్పయ్యేళ్ళుంటుంది,
ఏటా బోర్లించి తారు పూస్తారు గనక.
దీనికెక్కడ పూయను?
మెత్తటి గుడ్డతో తుడవడం తప్ప
నన్నేం చెయ్యనిచ్చింది?

ఎత్తిన చీటీకి ఇంకా ఐదు వాయిదాలు.
అందాకా అయినా వెలగమని
స్టెబిలైజర్ మీద చెయ్యేసి కూర్చుంటాను.

పేజీ పరిచేటప్పుడు
గీత కింద ఎవరి ముఖమూ పడనివ్వను.
పందిరి రాటో, అరటి బోదో,
అదీ లేకపోతే ఇద్దరి మధ్య జాగానో
అక్కడికి జరుపుతాను.

మొన్న ఒక పెళ్ళికూతురు
ఆల్బమ్ చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి
అడిగింది:
"ప్రతి పేజీలో మా మధ్య
ఇంత ఖాళీ ఎందుకొదిలారండీ?"