నూటా పదిహేడు

నీ పేరు నఫీసా అని నాకు శానా కాలం తెల్దు మేడం.
కోసిగిలో అందురూ నెత్తురు మేడం అనేటోళ్లు.
ఏడో తరగతిలో మమ్మల్ని వరసగా కూచోబెడితివి,
సూదితో ఏలు పొడిస్తివి,
గాజుగొట్టంలో నా నెత్తురు సూసి
"ఇంత పల్చగా ఉందేమే" అని
మా టీచరమ్మ మింద అరిస్తివి. ఆయమ్మ చేసిందేముంది.

నాకు నంబరు ఇస్తివి. నూటా పదిహేడు.
పెండ్లిలో సదివింపులకు నూటా పదహార్లే గదా,
నాకు ఒగటి ఎక్కువొచ్చిందని
ఇంటికి పోయి మాయమ్మకు చెప్తి.

"పెద్దమనిషి అయితివా" అని అడిగితివి.
లేదంటి.
రాసుకుంటివి.

మళ్లా వస్తివి. ఏటేటా వస్తివి.
నా పెండ్లయినాంక మెట్టినింటికి వస్తే
మా అత్త నిన్ను బయటనే నిలబెట్టె.
అరుగు మింద కూచోని
ఆమె మోకాళ్ల నొప్పి గంటసేపు ఇని,
అప్పుడు నన్ను పిలిపిస్తివి.

ఇంగో ఏడు సుగ్గికి గుంటూరు పక్క పోయింటిమి.
ఏళ్లల్లో మిరప మంట, కడుపులో ఆరో నెల.
పట్టల గుడిసె ముందర దుమ్ములో
ఎవరో తూకం మిషను దింపుతాంటే
మేస్త్రి అనుకుంటి, కాయలు తూసేకి వచ్చినాడని.
నన్ను తూస్తివి.
నలబై కేజీలు.
మిరప టిక్కీ గూడా అంతే తూగుతాది.

ఇరవై ఎనిమిదికి ఆదోనిలో సంచి తీపించుకుంటి.
తెల్లబట్ట పోతాందని పోతే
క్యాన్సరయితాదని బెదిరిచ్చిరి,
కమ్మలు కుదవబెట్టి కడితిమి.
నీకు చెప్పిన దినం నువ్వు మాట్లాడలే.
పెన్నుకు మూత పెట్టి, తీసి, మళ్లా పెట్టి...
ఆ కోపం నా మింద గాదని తెలిసేకి రెండేండ్లు పట్టె.
మా వీధిలో పంతొమ్మిది ఇండ్లు తిరిగి
పదకొండు సంచులు పోయినాయని లెక్క తేలిస్తివి.
కర్నూలు మీటింగులో ఆ లెక్క సదివితే
పెద్ద పెద్దోళ్లు లేసిపోయిరంట.
అప్పటినుంచి జీపు రాలే.
షేరాటోలో నువ్వొస్తివి, సొంత లెక్కతో,
మా ఇంట్లో రొట్టె, ఉల్లిగడ్డ తింటివి.

ముప్పై నాలుగుకే ఒళ్లు సెగలు.
నడిరేత్రి పెనం మాదిరి కాలతాంటే
గాలి సోకిందనిరి మావోళ్లు.
నువ్వు మడమకు మిషను పెట్టి
"నీ ఎముకకు అరవై ఏండ్లు" అంటివి.
నగితి నేను.
దానికన్నా పింఛను రాయించు మేడం, అంటి.

రేపు నువ్వు రిటైరంట.
సివరి కాయితం నింపేకి వస్తివి.
మంచం మింద ఇద్దరం. నీ మోకాళ్లూ పట్టేసినాయి.
ఒగటి చెప్పాల మేడం.
ఆ దినం లేదంటి గదా, అబద్దం.
అప్పటికే రెండు నెలలాయ.
చెప్తే బడి మాన్పిస్తారని
గుడ్డలు బండసందులో దాచి
మాయమ్మకు గూడా చెప్పలే.
నీ లెక్కంతా దాని మిందనే కడితివేమో.

నువ్వు పాత కట్ట విప్పితివి.
నా పేజీ.
"లేదు" పక్కన పెన్సిలుతో
సన్నగా ఒగ ప్రశ్న గుర్తు.
ముప్పై ఒగ ఏండ్లు. చెరపలే. దిద్దలే.
"నీ మొకం సూసి అప్పుడే అనుకుంటి"
అని ఇంకు పెన్ను నా సేతికిస్తివి.

నా సదువు ఆ ఏడో తరగతే గదా.
లేదు కొట్టేసి
పన్నెండు అని రాస్తి.
న్నె కాడ కొంచెం ఇంకు పారె.