ఒకటి తవ్వి, రెండొగ్గీ

ఆ రేతిరి అటకమీన సత్తు గిన్నెలు
వాటిలో అవే మాటాడుకున్నాయి.
పిల్లి అనుకున్నాను.
పిల్లి నా కాళ్లకాడే ఉన్నాది, సెవులు నిక్కబొడుసుకొని.

తెల్లారేసరికి ఇచ్ఛాపురమంతా ఈదుల్లోనే ఉన్నాది.
ఒకలు రైలన్నారు, ఒకలు క్వారీ బాంబులన్నారు.
మా పడమటి గోడ ఏటీ అన్నేదు,
కిటికీ మూలనించి నేల దాకా
నా సిటికినేలు దూరేటంత నోరు తెరిసింది.

జీడిబట్టీలో పదకొండేళ్లు పిక్కలు ఒలిసి
సీటీ కట్టి కూడబెట్టింది మేడకోసం.
మీన ఒక గది, గది ముందు పిట్టగోడ,
పిట్టగోడకి మొగ్గల డిజైను.
రంగు కూడా అనుకున్నాను, ఉల్లితొక్క రంగు.

కూర్మినాయకులు మేస్త్రి వచ్చినాడు.
శ్రీకూర్మం మొక్కుకి పుట్టినోడంట,
పేరుకి తగ్గట్టు ఎప్పుడూ కిందకే సూస్తాడు.
గోడ సూడ్నేదు. గోడ మొదట్లో గునపమేసి
మూరెడు తవ్వి సేత్తో తడిమినాడు.
"నీ ఇల్లు నిలబడ్నేదమ్మా. కూకుంది."
గుండ్రాళ్లు, రాళ్ల మద్దిన ఎర్రమట్టి,
మట్టిలో సీమల దారి.
"నేల కొంచెం ఒళ్లు ఇరుసుకుంటే సాలు,
రాయికి రాయి సెప్పకుండా ఎల్లిపోద్ది."

మా మావ బతికున్నన్నాళ్లూ సెప్పీవోడు:
ఈశాన్యం మూల కింద ఎండి బిల్ల ఎట్టినాను,
నవధాన్యాలు ఎట్టినాను, పగడం ఎట్టినాను.
ఈశాన్యం మూల తవ్వినారు.
ఒక తాటి ఏరు, పగిలిన పెంకు.
మట్టిని రెండుసార్లు జల్లెడ పట్టినాను.
ఏటీ నేదు.
మా ఆయనకి సెప్పనేదు. ఇప్పటికీ సెప్పనేదు.

మేస్త్రికి ఒకటే లెక్క,
ఒకటి తవ్వి, రెండొగ్గీ.
మూడడుగుల గొయ్యి. పక్క ఆరడుగులు ముట్టుకోకూడదు.
తవ్వినకాడ జాకీ ఎత్తి, కడ్డీ కట్టి, కాంక్రీటు పోసి
వారం రోజులు గోనెసంచులు తడుపుతానే ఉండాల.
"అన్నీ ఒక్కసారి బాగుసెయ్యాలనుకుంటే
బాగుసెయ్యడానికి ఇల్లుండదు తల్లీ."

కడ్డీలు కట్టే గుంటడు ఢిల్లేసుని తిట్టినాడు,
"రింగు కొస లోపలికి వంచరా!
తిన్నగా ఒగ్గేస్తే ఊగినప్పుడు ఇప్పుకుపోద్ది.
గోసి ముడిలాగ ఉండాల."

పోసే ముందు
నా కొంగులో రూపాయి బిల్ల, పసుపుకొమ్ము.
ఎయ్యబోతే సెయ్యి పట్టుకున్నాడు.
"ఒద్దమ్మా. దాని సుట్టూ గాలి నిలుస్తాది.
ఇందులో ఇదే ఉండాల."

జీడినూనికి నా ఏళ్లమీన గీతలు ఎప్పుడో పోనాయి.
రేషన్ మిషను నన్ను గుర్తుపట్టదు.
ఆ పొద్దు తడి కాంక్రీటుమీన అరసెయ్యి ఎట్టినాను.
అచ్చు పడింది, గీతల్లేని అచ్చు.
మర్నాడు దానిమీన మట్టి కప్పీసినారు.

ఈది ఈదంతా నవ్వింది:
మేడ కడతానన్నాది, గోతిలో పోసుకున్నాది.
నిజమే.
డెబ్బై ఒక్క రోజులు, సీటీ డబ్బు, సెవుల దిద్దులు,
అన్నీ కిందకే ఎల్లినాయి.
గచ్చు మూసేసినాక సూపెట్టడానికి ఏటుంది?
పగులు కుట్టినకాడ ఒక బూడిద గీత,
పిల్లాడి మోకాలి మచ్చలాగ.

మళ్లీ ఊగిందా అంటే, తెలీదు.
ఒక రేతిరి గిన్నె ఒకటి మాటాడింది,
మిగతావి ఊకొట్టనేదు.
రైలే అయ్యుంటాది.
నాకు మాత్రం నిద్దరట్టనేదు.
మా తూరుపు గోడ నాదీ, పక్కింటి తవిటమ్మదీ.
నా ఏపు కింద బీము ఉన్నాది.
ఆయమ్మ ఏపు సీమల దారి.

నిన్న మజ్జానం తవిటమ్మ వచ్చింది.
నవ్వినోళ్లలో ఎక్కువ నవ్వింది ఆయమ్మే.
గచ్చుమీన కూకుంది. కాళ్లు సాపింది.
అరసేత్తో నేల నిమిరింది, జొరం సూసినట్టు.
"ఏదే?" అన్నాది.
"కిందుంది," అన్నాను.
కాసేపు ఊరుకుంది.
"అడుక్కి ఎంత తీసుకున్నాడే మేస్త్రి?"