ఎవరు ఏడుస్తారో

హియుమా దీవి, హెల్టర్మా రేవు, టికెట్ల గది.
శుక్రవారం రాత్రి కంప్యూటర్‌కి కొత్త సిస్టమ్ ఎక్కించి
చేతులు దులుపుకున్నాను.
అలకగానే పండగ కాదని
తెల్లారి ఆరున్నర పడవ చెప్పింది:
చుక్కలుండే అక్షరాలన్నీ
టికెట్ల మీద ప్రశ్నార్థకాలు!
గొర్రెల ట్రక్కు నడిపే ఊల్లె
తన పేరు మొదట్లోనే అది చూసి
"నేనెవరో నీకే అనుమానమా?" అంది.

తవ్వితే, ఒక మూల ఫోల్డర్‌లో
పదమూడేళ్ల నాటి లైబ్రరీలు.
టికెట్ ప్రోగ్రామ్ కొత్తవాణ్ణి పిలుస్తోంది,
అదే పేరుతో గుమ్మంలో కూర్చున్న పాతవాడు
"ఆఁ" అనేస్తున్నాడు.

చెరిపేసే మీట దాకా వెళ్లిన వేలు
వెనక్కి తీసుకుని ఎండెల్‌కి ఫోన్ చేశాను.
రిటైరయ్యాడు. మంచుకి కన్నం పెట్టి
చేపల కోసం కూర్చున్నాడట.
ముందు గాలి వినిపించింది, తర్వాత ఆయన:
"చెరపకు. పేరు చివర ఒక అక్షరం తగిలించు.
ఎవరు ఏడుస్తారో చూడు."

తగిలించాను. ఎవరూ ఏడవలేదు.
రెండోది, నాలుగోది, తొమ్మిదోది...
ఎవరికీ అక్కర్లేకుండానే
ఇన్నేళ్లూ ఎంత బుద్ధిగా కూర్చున్నాయో!

పదకొండోదానికి
ఊల్లె చుక్కలు రెండూ తిరిగొచ్చాయి.
అదే క్షణాన, కిటికీ బయట,
గాలివేగం చూపే బోర్డు ఆరిపోయింది.
అది ఈ కంప్యూటర్‌దని
ఏ కాగితంలోనూ లేదు.

పాతవాణ్ణి లేపి, వేరే గది ఇచ్చి,
ఆ చిరునామా బోర్డు ఒక్కదానికే చెప్పాను.
పద్నాలుగు, వెలిగింది.

పక్కనే ఒక చీటీ రాసి పెట్టాను, నా పేరుతో, తేదీతో:
"ముట్టుకునే ముందు
కిటికీలోంచి చూడండి."