సొట్ట బిందె లెక్క

శనివారం బడి వదిలాక
గది నాకు మిగిలింది.
ముప్పై ఒక్క మంది ఊపిరి ఇంకా చల్లారలేదు.
సుద్దముక్కతో నేల మీద గీశాను:
ఇటొక మూల, అటొక మూల,
కిటికీ కింద ఇంకొకటి.
నాలుగో మూలలో బీరువా.
దాన్ని కదపడానికి
కొరుక్కుపేట గూడ్సు బండి రావాలి.

ఈ నెల పాఠం నీళ్ళు.
శిక్షణలో చెప్పారు:
ఒకే విషయం, నాలుగు మూలలు,
పిల్లలు తేనెటీగల్లా మూల నుంచి మూలకి తిరగాలట.
చెప్పినాయన గదిలో ఏసీ ఉంది,
తేనెటీగలు లేవు.

చదివే మూలకి మా ఇంటి పాత చాప.
ఆరు పుస్తకాలు. రెంటికి అట్టలు లేవు,
ఒకదానికి చివరి పేజీ లేదు.
అదే మేలు, ఏమైందో వాళ్ళే చెప్తారు.

మాటల మూలకి అట్టపెట్టె కోసి చీటీలు:
చెమ్మ, తడి, జల్లు, ఊట, మడుగు.
రాస్తూ రాస్తూ ఆగిపోయాను.
వీధిలో వీళ్ళనేది తన్ని.
"తన్ని లారీ వచ్చింది టీచర్" అని సలోమి అంటే
వచ్చిన కొత్తలో నేను నిజంగానే అడిగాను,
ఎవర్ని తన్ని?
ఆ నవ్వు తరగతిలో ఇప్పటికీ తగ్గలేదు.
దానికీ ఒక చీటీ రాశాను.
తెలుగు పరీక్షలో రాయకూడని మాట,
తెలుగు నోళ్ళు రోజూ తాగే మాట.

కొలిచే మూల కోసం ఆదివారం మొత్తం పెట్టాను.
లీటరు సోడా సీసా, టీ గ్లాసు, మా అమ్మాయి పాలడబ్బా,
ఆయా మునెమ్మ ఇచ్చిన పెరుగు గిన్నె,
ఒక గరాటు,
ఒలకడం ఖాయం గనక గుడ్డపీలికలు.
గోడకి పెద్ద అట్ట:
చెంబు ఒకటి. బకెట్టు పది.
బిందె పదిహేను.
బిందె బొమ్మకి ఆకుపచ్చ వేశాను,
నిండుగా, గుండ్రంగా, నీడతో సహా.

సోమవారం.
తేనెటీగలు పది నిమిషాల్లో
మూడు మూలల్నీ ఒకే మూలకి తెచ్చాయి.
గరాటు టోపీ అయింది.
దేవకుమార్ సోడా సీసాలో ఊది
హార్బరు వైపు చెయ్యి చూపించాడు, ఓడ కూతట.
నేను గంట కొట్టాను.
మళ్ళీ కొట్టాను.

పదింటికి వచ్చింది పెంచలమ్మ.
గౌను అంచు తడి. ఒక్క జడే వేసుంది,
రెండోది దారిలో వేసుకుందామనుకుంది కాబోలు.
ఆలస్యమెందుకని అడగలేదు.
ఆ పిల్ల హాజరు చూసి చెప్పొచ్చు
వాళ్ళ వీధికి లారీ ఏ రోజొస్తుందో.

నేరుగా పోయి అట్ట ముందు నిలబడింది.
చాలాసేపు.
"బిందె పదిహేను కాదు టీచర్."
"మరి?"
"మాది పద్నాలుగే. సత్తు బిందె, సొట్టుంది."
నడుము ఒక పక్కకి ఒంచి చూపించింది
ఆ సొట్ట ఎక్కడ ఆనుతుందో.
"నీకెలా తెలుసు?"
"సెలవుల్లో సీసాతో కొలిచా. ఏం తోచక."
ఒక్క క్షణం ఆగి,
"ఇంటికి ఆరు బిందెలు గదా, ఆరు లీటర్లు పోద్ది.
లారీవాడు మనకి బాకీ అంటది అమ్మ."

పెన్సిలిచ్చాను.
నా ఆకుపచ్చ బిందె డొక్కలో
ఒక సొట్ట గీసింది, నీడ అక్కర్లేకుండా.
అంతే. మాది మూతి విరిగిందని ఒకడు,
మాది చిల్లని, మైనం పెట్టామని ఒకతి,
మాకు బిందే లేదు, పెయింటు డబ్బా అని దేవకుమార్.
మధ్యాహ్నానికి అట్ట మీద పదకొండు.
ఒక్కటీ పదిహేను పట్టదు.

పెంచలమ్మ చదివే మూలలో ఉంది.
చివరి పేజీ లేని పుస్తకం గుండెల మీద,
నోరు కొంచెం తెరిచి,
నాలుగింటి నుంచి దాచుకున్న నిద్ర.
ఏ మూలలో ఎవరేం నేర్చుకున్నారో రాయడానికి
నా దగ్గరొక కాగితముంది.
దాన్లో ఆ గడి ఖాళీగా ఉంచాను.

మూలలు మారే వేళైంది.
గంట నాలుకని వేళ్ళతో పట్టుకుని
మిగతా ముప్పై మందికి చెయ్యి ఊపాను:
మారండి,
మెల్లగా.