కెమి ఊళ్లో ఒక టెంక

ట్యూనె ఎన్నడూ మామిడిచెట్టు చూడలేదు.
కొట్లో పండు కొంది, తింది,
చేపలు కోసే కత్తితో టెంక అంచు చీల్చి
లోపలి జీడిని
తడిపిన ఉన్ని మేజోడులో చుట్టి
ఫ్రిజ్ వెనక, మోటారు వెచ్చదనంలో దాచింది.

పదిహేడో రోజున మేజోడుకి తోక మొలిచింది.

బయట సముద్రం గడ్డకట్టింది.
రెండు కాకముందే పొద్దు గుంకింది.
కుట్టుమిషను దీపం కింద, పెరుగు డబ్బాలో
ఒక్క టెంకకే రెండు మొలకలు.
ఒకటి తీసెయ్, రెండోదైనా బతుకుతుంది,
అంటూ పక్కింటి ఆర్వి కత్తెర తెచ్చాడు.
ఆమె కత్తెర పుచ్చుకుని తలుపేసింది.

ఫిబ్రవరిలో ఆకులొచ్చాయి.
రాగి రంగు, తడిగుడ్డల్లా వేలాడుతూ.
చచ్చిపోతున్నాయనుకుంది.
అర్ధరాత్రి లేచి వేలితో మట్టి తడి చూసింది.
క్షమించమంది:
వాటికే భాష వచ్చో తెలియక
ఫిన్నిష్‌లో ఓసారి,
బడిలో నేర్చిన స్వీడిష్‌లో ఓసారి.

దాన్ని చిగురంటారని చెప్పేవాళ్లు
ఆ మేడలో ఎవరూ లేరు.

పదో రోజుకి ఆకులు వాటంతటవే నిక్కాయి, పచ్చగా.
అంతా తన వైద్యమేననుకుంది.
ఆర్వికి కత్తెర తిరిగిచ్చేసింది.

కాయలా? ఆమెకిప్పుడు డెబ్బై తొమ్మిది.
జూన్‌లో గాలి ఆగిన పూట
ముగ్గురూ బాల్కనీలో కూర్చుంటారు,
రెండు మొలకలూ, ఆమే.
ఆమె కాళ్లకి
వేర్వేరు మేజోళ్లు.