ఊరికే కూర్చున్నప్పుడు

రొయ్య నిద్రపోతుందో లేదో నాకు తెలీదు.
తెల్లారుజాము మూడింటికి నీళ్ళలో గాలి పల్చబడితే
గట్టు వారకొచ్చి తేలుతుంది, అంతవరకు తెలుసు.
ఆ సంగతి ఇంట్లో ఎవరో ఒకరికి అప్పుడే తెలియాలి,
పొద్దున తెలిస్తే అది సంగతి కాదు, నష్టం.

ఇసకపల్లి కాడ మూడు గుంటలు, అల్లూరులో ఇల్లు,
మధ్యన ఉప్పుగాలి.
నీళ్ళలో వేలాడే కడ్డీ
ఐదు నిమిషాలకొక అంకె పంపుతుంది.
అందుకునే పెట్టె మా మిద్దె మెట్ల కింద.

మొదట పెట్టింది మా తమ్ముడు ఆటలాడి విసిగి వదిలేసిన కంప్యూటరు.
మూడు ఫ్యాన్లు, గాజు తలుపు, లోపల నీలం లైట్లు.
తిరునాళ్ళలో రంగులరాట్నంలా వెలిగిపోతా
ఐదు నిమిషాలకొక అంకె రాసుకునేది.
అంతే దాని పని.
మీటరు చూసే మాలకొండయ్య చీటీ చించి ఇస్తా
"ఏందమ్మా, కొత్తగా ఏసీ పెట్టినారా?" అన్నాడు.

గోడకీ ప్లగ్గుకీ మధ్య పెట్టే బుల్లి మీటరు తెప్పించా.
పనేమీ లేకుండా తొంభై ఆరు వాట్లు.
నెలకి అరవై తొమ్మిది యూనిట్లు
ఎదురు చూడటానికి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కుర్రాడు
పెట్టె తర్వాత పెట్టె దించినాడు.
"ఇది బుల్లెట్టక్కా, ఇది రాకెట్టు."
"ఊరికే కూర్చున్నప్పుడు ఎంత తింటది?" అని అడిగా.
వాడు చేతిలో పెట్టెని తిప్పి తిప్పి చూశాడు,
ఆ మాట దాని వీపున యాడా రాయలేదు.

మా అత్త కాపలా మనిషిని కుదిర్చిందీ అట్టానే.
ముందొకడుండేవాడు, రెండు మేత బస్తాలు ఒక్క భుజాన మోసేవాడు,
రెండు ప్లేట్ల బిర్యానీ తిని ఒంటిగంటకల్లా గుర్రు.
తర్వాత మస్తానయ్య వచ్చాడు, ఎండిన తాటిమట్టలా.
ఈమె బస్తాల ఊసెత్తలేదు.
"రాత్రంతా ఉత్తినే కూర్చోగలవా నాయనా?"
"అదేగా తల్లీ నాకొచ్చింది."

అరచేతిలో పట్టే పచ్చ పలక ఒకటి కొన్నా ముందు.
మూడే వాట్లు. మురిసిపోయా.
కరెంటు పోయీ వచ్చీ, పోయీ వచ్చీ,
గోరంత కార్డు మీద రాసిందంతా ఒక పంట లెక్కతో సహా
ఆషాఢంలో తుడిచిపెట్టుకుపోయింది.
తక్కువ తినడం ఒక్కటే చాలదని అప్పుడు తెలిసింది,
తిన్నది వంటబట్టాలి.

చివరికి దొరికింది ఏదో బ్యాంకు కౌంటరులో కొలువు చేసి
రిటైరైన డబ్బా.
పద్దెనిమిది వందలు.
ఫ్యాను లేదు, ఉప్పుగాలి దూరే కంత లేదు,
నెత్తిన ఇంకా "కౌంటర్ 4" అని చీటీ.
ఏడు వాట్లు.
చెవి ఆనించి విన్నా. ఏమీ వినపడలా.
బతికుందా లేదా అని చెయ్యి పెట్టి చూశా,
పాలు తాగిన పిల్ల పొట్టలా గోరువెచ్చగా ఉండాది.

కార్తీకంలో వాయుగుండం.
ఒంటిగంటకు కరెంటు పోయింది.
పాత ఆటో బ్యాటరీ మీద డబ్బా మేలుకునే ఉండాది,
మూడూ పదికి ఫోను మోగించింది.
అంకె రెండుకి దిగింది.
మస్తానయ్యకు చేశా. ఎత్తగానే
వెనక జనరేటరు మోత.
"ఏసేసినానమ్మా. టార్చి కొడితే గట్టు వార కళ్ళు
ఎర్రెర్రగా కనపడ్డాయి."

పొద్దున కాఫీ తాగతా మా ఆయన అడిగాడు,
డబ్బాకి నెలకెంతవుతుందని. చెప్పా.
మస్తానయ్య జీతం ఆయనకి తెలిసిందే.
కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు
ఇంచుమించు వంద వాట్లు కాలుస్తుందని
డిగ్రీలో చదివినట్టు గుర్తు.
ఆ సంగతి మాత్రం
నేను మా ఆయనకు చెప్పలా.