నల్లరాయి

సోమశిల రేవుల పుట్టెక్కి
నేనూ మొగులయ్యా దీవిల దిగినం.
బ్యాగులల్ల జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం,
ఇద్దరికి ఒక్క దుప్పటి.

ఎర్ర గరప నేల నడుమ
బర్రె ఈపు లెక్క నల్లరాతి వరుస.
"ఇది ఒకప్పుడు నిప్పు" అన్న,
పుస్తకంల చదివిన ముచ్చట.
మొగులయ్య అరచెయ్యి ఆనిచ్చి సూశిండు:
"ఇంకా సల్లారలే."
మిట్టమధ్యాహ్నం మరి.

క్రషర్ల పన్నెండేండ్లు రాళ్లు పలగ్గొట్టినోడు
దీన్ని తొక్కలే,
సుట్టు తిరిగి నడిశిండు.

రాత్రి నీళ్ల మీద చేపలోళ్ల దీపాలు,
ఒకటి ఆరితే ఇంకోటి.
వానికి దగ్గు.
నిద్ర మాత్రం ఇద్దరికీ లేదు.

ఇంటికొచ్చి బ్యాగు దులిపితే
అడుగున పిడికెడంత నల్లరాయి.
ఫోన్ చేస్తే
"నువ్వే కద నిప్పన్నవ్,
పొయ్యి కాడ పెట్టుకో" అని
నవ్వబోయి దగ్గిండు.